పాత రంపం గొంతు

పెరట్లో రేకుల షెడ్డు. గోడ నిండా తుడిచి మెరుగుపెట్టిన పాత మోటారు రంపాలు, బల్ల మీద ఇంకొకటి. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా మాట పడిపోయిన తల్లి, షెడ్డు తలుపు తీస్తే ఎదురుగా కనబడే గదిలో కునుకు తీస్తోంది. ఆమె కొడుకూ, అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్కా షెడ్డులో ఉన్నారు.

"ముందా చొక్కా విప్పు."

"ఎందుకక్కా? నాన్న చొక్కా. నాకు కొలిచి కుట్టినట్టుంది చూడు."

"చూస్తున్నాగా. గుమ్మంలోకి రాగానే గుండె ఆగినంత పనైంది. విప్పరా."

"నూనె మరకలు పడతాయని వేసుకున్నా. చొక్కా గొడవెందుకుగానీ, ఇటు రా. పిడి కింద, ఇదిగో. మేకుతో గీసిన అక్షరం. నాన్న పేరులో మొదటిది! నాన్న రంపమే! ఇరవయ్యారేళ్ళ తర్వాత పాత ఇనుము కొట్లో, మూడు సంచుల్లో ముక్కలుగా దొరికింది."

"దొరక్కపోయినా బాగుండేది."

"అదేం మాట!"

"గోడకి ఇన్ని వేలాడదీశావుగా. ఒకటి తక్కువైతే కొంపేం మునగదు."

"అవన్నీ సరదా. ఇది మందు. డాక్టరుగారేమన్నారు? బాగా అలవాటైన పాత చప్పుళ్ళు వినిపించండి, దేనికో ఒకదానికి నోరు పెగలొచ్చు అన్నారా లేదా?"

"అన్నారు. పాటలు పెట్టమన్నారు."

"పెట్టాను. కుట్టుమిషన్ తెచ్చి పక్కనే తొక్కించాను. కళ్ళు తిప్పి చూస్తుంది, అంతే. చెట్లు కొట్టే మేస్త్రి భార్య అక్కా! ఆ ఇంట్లో రోజూ మోగిన చప్పుడేది? ఇదే!"

"చెట్లు ఊరవతల కొట్టేవాడు. ఇంట్లో ఎందుకు మోగేదిరా?"

"రిపేరు చేసుకునేవాడేమో. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నువ్వే అన్నావుగా, అందుకు."

"నాకు బాగా గుర్తుంది. నాన్న వీధి మొదట్లో కనపడగానే నన్ను చంకనేసుకుని పక్కింటికి పరిగెత్తేదానివి, టీవీ చూడ్డానికి. అక్కడికి కూడా రంపం మోత వినపడేది. సినిమాల పిచ్చి నీకు."

"అవును, పిచ్చే. ఏ సినిమా చూశామో ఒక్కటి చెప్పు."

"ఐదారేళ్ళవాణ్ణి, ఏం చెప్తాను!"

"నన్నడుగు. నాకూ తెలీదు."

"నీకసలు నాన్నంటే పడదు. ఆయన పోయినప్పుడు కూడా నీ కంట చుక్క నీరు రాలేదు."

"రాలేదు."

"ఎందుకు?"

"రాలేదురా, అంతే. ఎండిపోయిన బావిని ఎన్నిసార్లు తోడమంటావ్?"

"అమ్మే నయం. ఆయన పోయిన వారానికే దీన్ని తూకానికి వేసేసింది. చూస్తే ఆయనే గుర్తొస్తాడని. తట్టుకోలేకపోయింది, పిచ్చితల్లి."

"తట్టుకోలేకపోయింది. అది మాత్రం నిజం."

"మరి? అంత ప్రేమున్న మనిషికి ఈ గొంతు వినపడితే ఎలా ఉంటుంది? ఆరు నెలలు పట్టిందక్కా. పిస్టన్ రింగులు దొరక్క చేయించాను. సైలెన్సర్ కొత్తది వేయమన్నారు, మెత్తగా మోగుతుందట. చస్తే వెయ్యనన్నాను. తుప్పు గీకి పాతదే అతికించాను. గొంతు మారకూడదు కదా! అందుకునే ముందు రెండుసార్లు దగ్గేది, గుర్తుందా? కార్బరేటర్ తిప్పీ తిప్పీ ఆ దగ్గు కూడా తెప్పించాను."

"ఆ దగ్గు కూడానా!"

"ఆఁ! ఎవడు చేస్తాడింత?"

"ఎవడూ చెయ్యలేడురా. నీ చేతిలో అంత పనితనం ఉంది. అదంతా తెచ్చి దీనిమీద పోశావు, అదే నా ఏడుపు. పోనీ ఒక పని చెయ్. అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను. నువ్వు సాయంత్రం దాకా మోగించుకో."

"వినాల్సిన మనిషిని తీసుకుపోతే గోడకి వినిపించనా? నీ భయమేంటి, చెప్పు. గొలుసు కూడా తీసేశాను. చప్పుడే తప్ప కోసేదేం లేదు. కోరలు పీకిన పాము."

"జడుసుకునేవాళ్ళు ఆగి కోరలు లెక్కపెడతార్రా?"

"ఎవరు జడుసుకునేది, అమ్మా? పద్దెనిమిదేళ్ళు రంపం ఉన్న ఇంట్లో కాపురం చేసింది!"

"అదే చెప్తున్నా. రంపంతోనే చేసింది."

"డొంకతిరుగుడొద్దు. ఉన్నదేదో చెప్పు."

"చెప్పకూడదు. అమ్మకి మాటిచ్చాను."

"ఏమని?"

"నీకు చెప్పనని."

"ఏది చెప్పనని?"

"అది చెప్పేస్తే ఇక మాటేముంది! ఒరేయ్, ఇంకో నెల ఆగుదాం. అమ్మ కాస్త కోలుకోనీ."

"ఇంకో నెలా? అమ్మ నన్ను 'చిన్నోడా' అని పిలిచి ఎనిమిది నెలలైంది. రోజూ అన్నం తినిపిస్తూ ఆ నోటివంకే చూస్తున్నా. నువ్వు వారానికోసారి వచ్చి పోతావు, నీకేం తెలుసు? ఒక్క మాట చాలు నాకు. తిట్టినా చాలు. జరుగు, తలుపు తీస్తున్నా."

"తీయకు! నీ కాళ్ళు పట్టుకుంటాను, తీయకురా."

"అమ్మా! లేచావా? ఇటు చూడు! నా చేతిలో ఏముందో చెప్పుకో చూద్దాం!"

"అమ్మా, చూడకు, అటు తిరుగు! ఒరేయ్, చెప్తాను, అంతా చెప్తాను, ముందా స్టార్టరు తాడు వదులు. నాన్న తాగొచ్చి దాన్ని స్టార్ట్ చేసింది చెట్టు మీదికి కాదురా, అమ్మ—"

"విను, ఒక దగ్గు! ఇంకోటి! అందుకుంది! అందుకుందక్కా!"

"ఆపరా! ఆపు!"

"ఏంటీ? వినపడట్లా!"

"అమ్మ వణికిపోతోంది, ఆపమంటున్నా!"

"కాదు, నోరు చూడు! పెదాలు కదుపుతోంది! ఇదిగో ఆపేశా, ఆపేశా. చెప్పమ్మా. ఏదో ఒకటి. నీ ఎదురుగానే ఉన్నా, చెప్పు."

"వాడి... వాడి ముందొద్దండీ... చిన్నోడు చూస్తాడు. వాడికి మీరంటే ప్రాణం."