ఎనభై అయిదుకే బందైన పరీక్ష

పెద్దపల్లికి పది కిలోమీటర్ల దూరంలో ఒక పెంకుటిల్లు. మిట్టమధ్యాహ్నం. తలుపుకు లోపల గడియ. మాట్లాడేది ఇద్దరు: తాత రాయమల్లు, నర్సు ఉద్యోగం చేసే మనుమరాలు వందన. మూడో మనిషి, ఆమె మొగుడు రాంచందర్, నేల మీద ఉన్నాడు.

"తియ్యి బిడ్డా, చెయ్యి తియ్యి. సచ్చినోని తల ఒళ్లె పెట్టుకొని ఎంతసేపు కూసుంటవ్?"

"ఉండనీ తాతా."

"తువ్వాలంత నెత్తురైంది. లే. గీ రోకలి నేను పట్టుకుంట."

"రోకలి నీకెందుకు?"

"ఎందుకంటె నువ్వు కొట్టలే, నేను కొట్టిన. సమజైందా? కేసు నీ మీద పడితె ఆస్ట్రేలియా పోతవా, జైలుకు పోతవా? నాకు డెబ్బయి ఎనిమిదేండ్లు. జైల్ల పొద్దుగాలనే చాయ్ ఇస్తరట. మీ అమ్మమ్మ ఏనాడన్న ఇచ్చిందా?"

"తాతా..."

"ఏమంటవ్? నీ మెడ మీద వీని అయిదు వేళ్ల అచ్చు పడ్డది. ఇంత ఊపిరున్నా ఇంకోటేసి కడతేరుస్తుంటి. సచ్చి బతికిపోయిండు."

"రోకలి కింద పెట్టు. కూసో. ముందు నేను జెప్పేది ఇను."

"ఏంది?"

"ఎందుకు కొట్టినవని ఎస్సై అడుగడా? లొల్లి అంత ఆస్ట్రేలియాకు పోయే నర్సు పరీక్ష కాడ మొదలైంది. గా పరీక్ష ఎట్లుంటదో నీకు దెల్వకపోతె మొదటి మాటకే దొరుకుతవ్."

"అయితె జల్ది జెప్పు. పక్కింటి బుచ్చవ్వ సప్పుడు ఇన్నది. పోలీసోల్లకు ఫోన్ జేసెటట్టే ఉరికింది."

"హైదరాబాదుల కంప్యూటర్ ముంగట కూసోవెడ్తరు. ఒక ప్రశ్న, కింద జవాబులు. సరైంది ఒత్తితె తర్వాతది ఇంక కష్టమైంది ఇస్తది. తప్పైతె జర అల్కటిది."

"నేను ఎద్దును కొనేటప్పుడు గట్లనే జేస్త. ఇసుకల బండి గుంజితె బురదల గుంజిపిస్త. బురదల గూడ గుంజితె మీ అమ్మమ్మను ఎక్కిస్త."

"అవ్, గదే. ఎక్కిస్తు, దించుతు నాకెంతొస్తదో కొలుస్తది. ఇగ అనుమానం లేదనుకున్నంక ఠక్కున బందైతది. ఎనభై అయిదు ప్రశ్నలకు తక్కువ అడుగది, నూటయాభైకి ఎక్కువ అడుగది."

"నీకు?"

"ఎనభై అయిదుకే బందైంది. నా తోటి నర్సు జమునకు నూటయాభై దాక నడిచింది. గది వీనికి ఎవలో జెప్పిన్రు. 'మొద్దుముండా, నీకేం రాదని మిషినే ఎల్లగొట్టింది' అన్నడు. పొద్దుగాల నుంచి గదే మాట. గదే మాట, చెంప మీద ఒకటి. గదే మాట, కడుపుల ఒక తన్ను. జుట్టు పట్టి గోడకేసి కొట్టిండు. ఆఖరికి గొంతు పిసికిండు. కండ్లు బైర్లు కమ్మినయ్ తాతా. చేతికి రోకలి దొరికింది."

"మరి ఫేలేనా బిడ్డా?"

"ఇంకా దెల్వది. బాగ జేసినా జల్ది బందైతది, బాగ చెడగొట్టినా జల్ది బందైతది. దానికి నమ్మకం కుదరాలె, గంతే. ఎన్నిసార్లు జెప్పినా వీడు ఇనలే."

"నాకు వీని మీద పెండ్లిలనే నమ్మకం కుదిరింది. వడ్డించే పిలగాని మీదికి కూర గిన్నె ఇసిరిండు సూడు, గప్పుడు. ఒక్క ప్రశ్నకే నా కంప్యూటర్ బంద్."

"తాతా, రోకలి."

"పెట్టిన తియ్యి. ఎసొంటి ప్రశ్నలడుగుతది?"

"ఒకడు కాలిరిగి మొత్తుకుంటుండు. ఒకడు సప్పుడు జేస్తలేడు. ముందు ఎవని కాడికి పోవాలె?"

"మొత్తుకునేటోని కాడికి."

"తప్పు. మొత్తుకునేటోనికి ఊపిరున్నట్టు. సప్పుడు లేనోని కాడికే పోవాలె."

"మనకాడ గూడ ఒకడున్నడు సప్పుడు లేనోడు. గని వాడు పేషంటు గాదు, పీనుగ. సచ్చుడే మంచిగైంది. బతికితె నీ పేరే మొత్తుకుంటుండె."

"ఎస్సై ఏమేం అడుగుతడో నువ్వే అడుగు తాతా."

"ఇగ నేనే కంప్యూటర్‌ను. అల్కటిది: కొట్టిందెవలు?"

"మా తాత."

"శాబాష్. నువ్వెక్కడున్నవ్?"

"ఇంటెనుక, బోరింగు కాడ."

"దేంతోని కొట్టిండు?"

"రోకలితోని."

"ఎన్ని దెబ్బలు?"

"ఒక్కటే."

"బోరింగు కాడున్నదానికి ఒక్కటే అని ఎట్ల దెలుసు?"

"నేను సూసిన గదా."

"తప్పు! ఇగ అల్కటిది ఇస్త. నీ పేరేంది?"

"నవ్వియ్యకు తాతా, చెయ్యి కదులుతది."

"కదిలితె ఏందే? వాడేమన్న లేస్తడా?"

"నువ్వడుగు. అడుగుతనే ఉండు."

"సరె. నేను ఎట్ల కొట్టిన?"

"గదే కష్టం. నీ కుడి చెయ్యి భుజం దాక లేవది. ఊరంత ఎరుకే. బుచ్చవ్వే జెప్తది ఎస్సైకి."

"అవ్ గదా... చెన్నూరు అడవిల ఎలుగుబంటి నమిలింది. నేను ఊకున్ననా? దాని చెవ్వు నేను నమిలిన. ఉప్పు తక్కువైంది."

"పోయినేడు పులన్నవ్."

"పులి నమిలింది ఎడమ భుజం. ఆగు, దొరికింది. వీడు వంగి చెప్పులు తొడుక్కుంటుంటె ఏసిన. వంగినోన్ని కొట్టనీకె భుజమెందుకు?"

"మంచిగున్నది."

"ఇంకేమన్న జెప్పేది ఉన్నదా?"

"కొట్టినంక వీడు నా గొంతు ఇడిచిండు. కూలవడ్డడు. నేను రెండోసారి గూడ లేపిన తాతా. నెత్తి మీదికి లేపిన."

"ఏసినవా?"

"ఏయలే."

"ఎందుకేయలే?"

"గా పరీక్షల ఒకసారి జవాబు ఒత్తినంక వాపస్ పోరాదు. దిద్దుకునేది లేదు."

"పిచ్చిదానా, ఒక్కదానికే పని అయినంక రెండోదెందుకు... అగో, బండి సప్పుడు! వచ్చిన్రు పోలీసోల్లు. ఆఖరి ప్రశ్న, అన్నిట్ల కష్టమైంది. 'నువ్వు నర్సువు గదా, నీ మొగడు నెత్తురు కారి సస్తుంటె ఏం జేసినవ్?' అంటడు ఎస్సై. జెప్పు!"

"తలుపు తియ్యి తాతా."

"జవాబు జెప్పవేందే! చెయ్యి తీసి లే, పోయి కడుక్కో!"

"చెయ్యి తీస్తె నెత్తురాగది. వచ్చింది పోలీసులు గాదు, నూటెనిమిది బండి. నువ్వు రాకముందే నేనే ఫోన్ జేసిన."

"సచ్చినోనికి నూటెనిమిది ఎందుకే?"

"ఇంతసేపట్ల సచ్చిండని నేను ఒక్కసారన్న అన్ననా తాతా?"