మీ అమ్మ చేతికి నేను కట్టిన కట్టు

ఈ మందుల పెట్టెలో దూది ఎవరు పెట్టారే? నువ్వేనా? ఉద్యోగంలో చేరి వారం కాలేదు, అప్పుడే సర్దుళ్ళు మొదలుపెట్టావా?

తియ్యి ముందు. తియ్యమ్మా, ఎందుకో తర్వాత చెబుతాను. కావాలంటే మిషన్లు తుడుచుకో దాంతో. ఈ పెట్టెలో మాత్రం వద్దు.

ఏంటీ, మేనేజరు చెప్పాడా, ఇకమీదట తాళం నీదేనని? తెలుసు. నేనే నీ పేరు చెప్పాను. నెలాఖరుకి నేను మానేస్తున్నాను కదా. ఈ లాండ్రీలో పదహారేళ్ళుగా ఎవరికి కాలినా, ఎవరికి తెగినా నన్నే పిలిచారు.

కూర్చో. అందరూ భోజనాలకి పోయారు, ఇప్పుడప్పుడే రారు.

సరే, ఎవరికైనా కాలిందనుకో. ఏం చేస్తావు? కాదు, ఐసు పెట్టకూడదు. పేస్టూ వద్దు, వెన్నా వద్దు. కుళాయి కింద పెట్టాలి. ఇరవై నిమిషాలు, గడియారం చూసి మరీ. మధ్యలో మంట తగ్గిందని వాళ్ళే చెయ్యి లాక్కుంటారు, నువ్వు వదలకూడదు. ఉంగరం ఉంటే ముందే తీసెయ్, వాచిందంటే ఇక రాదు. బొబ్బ లేస్తే చిదపకు.

ఆ తర్వాత ఇదిగో, ఈ అంటుకోని పట్టీ. నున్నగా ఉన్న వైపు పుండు మీదికి రావాలి. పైన కట్టు వదులుగా. వేళ్ళు కాలితే వేలికీ వేలికీ మధ్య ఒక్కో ముక్క పెట్టు, లేకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పట్టీ చాలకపోతే, ఉతికిన బట్టల మీద కప్పే పలుచటి ప్లాస్టిక్ ఉందే, దాని పైచుట్టు రెండు వరసలు చింపి పారేసి లోపలిది వాడు. బిగించి చుట్టకు, పైన పరుచు. వాపుకి చోటుండాలి. ఇంకేముంది, ఆసుపత్రికి పంపించెయ్.

నూగు ఊడేది ఏదీ పుండుకి తగలకూడదు. దూది అసలే తగలకూడదు.

ఏదీ, ఒకసారి అప్పజెప్పు.

ఊఁ. మీ అమ్మ పోలికే నీది. ఆవిడకీ ఒక్కసారి చెబితే చాలు.

మీ అమ్మకి కాలినప్పుడు నీకు పదకొండేళ్ళు. ఇక్కడే, ఈ కిటికీ పక్క ప్రెస్సు మీద. దిండు గలీబు మడతపడిందని సరిచెయ్యబోయింది, పై పలక దానంతటదే దిగింది. నేను పరిగెత్తుకొచ్చి మీట ఎత్తాను. అరిచిందనుకుంటున్నావా? లేదు. నా మొహంలోకి చూసి, "అక్కా, గలీబు మాడిపోయిందే" అంది. చెయ్యి సంగతి కాదు, గలీబు సంగతి.

కుళాయి కిందికి తీసుకుపోయాను. ఇరవై నిమిషాలూ పట్టుకునే ఉన్నాను. అంతవరకూ నాకు ఎవరూ వంక పెట్టలేరు. ఆ తర్వాత దూది పెట్టి కట్టాను. మందంగా, మెత్తగా, అందంగా కుదిరింది. తోడికోడలంటే ఇలా ఉండాలి అన్నారు ఇక్కడివాళ్ళు.

ఆసుపత్రిలో మా వంతు రావడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా దూది ఎండి పుండులో కలిసిపోయింది. సూది మందు ఇచ్చారు, అది ఏ మూలకీ చాల్లేదు. నర్సు ఉప్పునీళ్ళతో తడుపుతూ పోగు పోగూ లాగుతోంది. మీ అమ్మ మొహం గోడవైపు తిప్పుకుని, రెండో చెయ్యి నాకిచ్చి, "అక్కా, అయిపోయిందా?" అని అడుగుతోంది. "అయిపోయిందమ్మా" అంటున్నాను. కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ అదే చెబుతాను. ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు.

ఇప్పటికీ ప్రెస్సు లేచి ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా నా వెనకాల ఆ గొంతే. మీ అమ్మ పని మానేసి ఎనిమిదేళ్ళయింది, ఇక్కడ ఉండదని తెలుసు. అయినా తిరిగి చూస్తాను. ఒకటి రెండుసార్లు పైకే జవాబు చెప్పేశాను కూడా. పెద్దావిడకి మతి తప్పిందని నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

వేళ్ళా? డాక్టరుని అడిగాను. "అంత లోతుగా కాలాక రెండు వేళ్ళు ఎలాగూ వంగిపోయేవి. మిగతా రెండూ... ఏమో, చెప్పలేం" అన్నాడు. ఆ "ఏమో"తోనే అప్పట్నుంచి కాపురం చేస్తున్నాను.

తెలియక చేశావులే అంటావు. మీ అమ్మా అదే అంటుంది.

తెలుసే. ఇందాక నీకు చెప్పిందంతా నాకు అప్పటికే తెలుసు. ఈ మూత లోపల కాగితం చూడు, ఇదంతా అందులో ఉంది. అది అంటించింది నేనే. మీ అమ్మకి కాలడానికి ముందే.

ఆ రోజు పెట్టెలో పట్టీలూ ఉన్నాయి. నాలుగు, సీలు విప్పనివి. మర్నాడు తనిఖీ ఉంది. అంతకుముందు ఏడాది ఒకటి తగ్గిందని మేనేజరు నన్ను అందరి ముందు నిలబెట్టి కడిగేశాడు. ఈసారి నాలుగూ కనబడాలి అన్నాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను కూడా. సీలు మీద గోరు పెట్టాను. ఆసుపత్రికి పోయేదాకే కదా, దూది చాల్లే అనుకుని తిరిగి లోపల పెట్టేశాను. ఎంతసేపని, ఊపిరి తీసి వదిలినంతసేపు.

"మీ దగ్గర అంటుకోని పట్టీలు లేవా?" అని డాక్టరు అడిగాడు. మీ అమ్మ వింటోంది. "లేవండి" అన్నాను.

తనిఖీకి వచ్చినాయన పెట్టె తెరిచి చూసి, ఇంత పద్ధతిగా ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు.

మీ అమ్మేమో ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది, అక్క లేకపోతే నాకీ చెయ్యే ఉండేది కాదని. ఆ వంకర వేళ్ళతోనే నాకు మంచినీళ్ళు అందిస్తుంది. గ్లాసు జారుతుందేమోనని నేను ముందే చెయ్యి చాపుకుని కూర్చుంటాను.

ఏంటే, పెద్దమ్మా అని కూడా పిలవబుద్ధి కావట్లేదా? పర్లేదు.

ఇంటికెళ్ళి చెబుతావా? చెప్పు. నేను వద్దనను. నేనే చెబుదామని ఎన్నిసార్లు మీ గుమ్మందాకా వచ్చానో. తలుపు తీసి "రా అక్కా" అంటుంది, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేస్తాను. నిజం చెబితే ఏమంటుందో నాకు తెలుసు. ఇంతోటి దానికి ఇన్నేళ్ళు కుమిలిపోయావా అని నా కళ్ళు తుడుస్తుంది.

తిట్టే మనిషయితే ఎప్పుడో చెప్పేసేదాన్నే.