అన్నయ్య క్యాసెట్టు, అత్తగారి చెవులు

ఏమిటే అది, పాట సగంలో ఉండగానే దాటించేస్తున్నావు? నచ్చలేదా? మా అన్నయ్య ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడు. పాటకి అడ్డుపడే హక్కు తనొక్కడికే ఉందనుకునేవాడు మరి. ఏ అన్నయ్య ఏమిటే, నాకున్నది ఒక్కడేగా, రేడియోలు బాగుచేసేవాడు. నువ్వు చూళ్ళేదులే, ఆయన పోయేనాటికి మీ నాన్నకే ఇంకా నడక రాలేదు. వీధివైపు గదే ఆయన కొట్టు. బల్ల నిండా పొట్టలు విప్పేసిన రేడియోలు, మిగిలిన కాస్త జాగాలో ఆయన మోచేతులు. బాగుచేసింది సరిగ్గా పలుకుతోందో లేదో చూడాలన్న వంకతో ఏది దొరికితే అది క్యాసెట్టుకి ఎక్కించేవాడు. బ్యాండువాళ్ళ సాధన, సబ్బు ప్రకటన, పక్కింటావిడ జోలపాట, దాని వెనకాలే ఏ దేశానిదో తెలీని పాట. పప్పులో ఉప్పు వేసినంత తేలిగ్గా మధ్యమధ్య తన మాటలు వేసేవాడు. "విన్నారా, ఈ బాకా ఊదేవాడికి అందరికంటే ముందు ఇంటికెళ్ళాలని ఉంది." "ఈవిడ ఏ భాషలో ఏడుస్తోందో తెలీదుగానీ, గొడుగు ఎవరో ఎత్తుకుపోయారని నా అనుమానం." ఇలా ఉండేవి. ఊరంతా అడిగి చేయించుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే వినేవాళ్ళనుకో.

నా పెళ్ళికీ ఒకటి చేశాడు. ఓ పాత టేప్‌రికార్డరు బాగుచేసి, అందులో క్యాసెట్టు పెట్టి, నేను కాపురానికి బయల్దేరేటప్పుడు నాతో పంపించాడు. మా అత్తగారు, అంటే మీ తాతయ్య వాళ్ళమ్మ, బడిలో హెడ్మిస్ట్రెస్సు. ఇంట్లో కూడా హెడ్మిస్ట్రెస్సే. నేను గట్టిగా నవ్వితే కళ్ళజోడు మీంచి ఒక్కసారి చూసేది, అంతే, నవ్వు గొంతులోనే ఎండిపోయేది. కాపురానికొచ్చి ఇరవై రోజులయింది. "మీ అన్నయ్య ఏదో ఇచ్చాడటగా, ఆదివారం అందరం కూర్చుని విందాం" అంది. మా అన్నయ్య సంగతి నాకు తెలీదా? శనివారం ఆవిడ బడికెళ్ళాక తలుపేసుకుని ముందు నేను విన్నాను. మొదటివైపు బాగానే ఉంది. రెండోవైపు తిప్పానా, జోలపాట అవ్వగానే దిగాడు మహానుభావుడు. "చెల్లీ, పెళ్ళిలో ఫోటోవాడు మీ అత్తగారిని నవ్వండమ్మా అన్నాడు. ఆవిడ వాడికేసి చూసింది. పాపం వాడు నవ్వడం మానేశాడు."

ఇంకేముంది, నా పని అయిపోయిందనుకున్నాను. పెట్టె సర్దించి పుట్టింటికి పంపేస్తుందని ఒకటే భయం. అప్పుడు తట్టింది, రికార్డు చేసే ఎర్ర బొత్తం నొక్కితే పాతది చెరిగిపోతుంది కదా అని. నొక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. అంతలో మీ తాతయ్య వచ్చాడు. "ఏం చేస్తున్నావ్?" "మీ అమ్మగారి మీద మా అన్నయ్య కూసిన కూతలు చెరుపుతున్నానండీ." "ఏం కూశాడేమిటి?" చెప్పకుండా ఉండాలా? ఉంటే నేనెందుకవుతాను. ఫోటోవాడి ముక్క చెప్పాను. చెప్పి ఊరుకున్నానా, "ఆవిడ గదిలోకొస్తే ఫ్యాను కూడా నెమ్మదిస్తుందండీ" అని నా సొంతది కూడా ఒకటి తగిలించాను. ఆయన పకపకా నవ్వి, "నిజమేనే, చిన్నప్పటినుంచీ చూస్తున్నా" అన్నాడు. ఆ డబ్బాకే చెవులున్నాయని ఆ నవ్వులో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తులేదు. బొత్తం ఎత్తేసి, హమ్మయ్య అనుకుని, మళ్ళీ వినికూడా చూసుకోకుండా పడుకున్నాను.

ఆదివారం జోలపాట అయింది. తర్వాత నా గొంతు. ఆ వెనక మీ తాతయ్య నవ్వు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, అదీ తలకిందులుగా. మా అత్తగారు పూర్తిగా విని, తనే ఆపి, "మీ అన్నయ్యని వచ్చే ఆదివారం రమ్మను" అంది. ఆ వారంరోజులూ నేను తిన్న అన్నం ఒంటికి పట్టలేదు.

వచ్చాడు. ఊరందర్నీ ఆడిపోసుకున్నవాడు కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. "మీ చెల్లెలు చెరిపేసింది. మళ్ళీ చెప్పు, వింటాను" అంది ఆవిడ. ఒక్క మాట పెగిలితే ఒట్టు. చూసిచూసి ఆవిడే టేప్‌రికార్డరు ఆయన ఒళ్ళో పెట్టి, ఎర్ర బొత్తం నొక్కి, వంటింట్లోకెళ్ళి తలుపేసుకుంది. "ఇప్పుడు చెప్పు" అంది లోపలినుంచి. డబ్బాని చూడగానే ప్రాణం లేచొచ్చింది మహానుభావుడికి. ఫోటోవాడి ముక్క చెప్పాడు, గుమ్మంలోనే నేను చెవిన వేసిన నా ఫ్యాను ముక్క కూడా తనదే అన్నట్టు చెప్పాడు. నా నేరం తన నెత్తిన వేసుకున్నాడన్నమాట. ఆ పైన, "అత్తయ్యగారూ, మీరు నవ్వకపోయినా ఫరవాలేదు. మా చెల్లెలు కాస్త గట్టిగా నవ్వుతుంది. దాన్ని నవ్వనివ్వండి" అన్నాడు.

ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. "ఈ ఆఖరి ముక్క మీ చెల్లెలు చెప్పినదాంట్లో లేదే" అంది. "లేదండీ, ఇప్పుడే కలిపాను" అన్నాడు. "సరే, భోజనానికి లే" అంది. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో నా నవ్వుకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆవిడ నవ్విందా అంటే, ఏమో, తలుపు వెనకాల ఏం చేసిందో నేను చూళ్ళేదు.

అన్నయ్య పోయిన నెలకి అనుకుంటా, నేను గదిలోంచి బయటికి రాకుండా కూర్చున్నాను. ఎవరెంత పిలిచినా పలకలేదు. ఆవిడే ఆ క్యాసెట్టు తెచ్చి, నా పక్కన మంచం మీద కూర్చుని పెట్టింది. తనని వెక్కిరించే చోట సౌండు బాగా పెంచింది. ఆయన గొంతు గదంతా నిండిపోయింది. "నవ్వవే. మీ అన్నయ్య అంతగా అడిగి మరీ వెళ్ళాడు" అంది. నాకు నవ్వు రాలేదే. ఎంత ప్రయత్నించినా రాలేదు. అప్పుడు నా బదులు ఆవిడ...

పొయ్యి మీద పాలు పెట్టి ఎంతసేపయింది? వెళ్ళి చూడు ముందు.