సిపాయి తాత ఆకు

మలేషియాలోని ఇపో ఊళ్ళో మహాలయ అమావాస్యకు ముందురోజు. పెరట్లో అరటాకు వేసి, యుద్ధంలో పోయాడని చెప్పుకునే సిపాయి తాతకు అన్నం వడ్డిస్తున్న మామ్మ దగ్గరికి మనవరాలు ఫోను పట్టుకొచ్చింది.

"ఆగు మామ్మా. సిపాయి తాత పేరు దొరికింది, పాత పటాలం చిట్టాలో."

"ఏటి రాసినారు? తుపాకి గుండు ఎక్కడ తగిలిందట?"

"తగల్నేదు మామ్మా. బొబ్బిలి అప్పన్న, ఇరవై ఆరేళ్ళు. 1876లో యుద్ధానికని మన ఈ పెరాక్ వచ్చిన నెలకే జ్వరంతో పోయినాడు."

"యుద్ధంలో పోయినోళ్ళకే కదే ఈ రోజు పెడతాం. జ్వరంతో పోయినోళ్ళకి రేపు, అమాసకి."

"రేపు పెడితే సరిపోద్ది లా," అంది మనవరాలు మలేషియా యాసలో.

"నలభై ఏళ్ళుగా ఈ రోజే పెట్టినాను. నాకు ముందు మా అత్త పెట్టింది. అన్నేళ్ళూ ఆకలితోనే ఉన్నాడా?"

"కూకో మామ్మా. గుమ్మానికీ గోడకీ ఎన్నిసార్లు తిరుగుతావు?"

"రేపు మళ్ళీ వండుతాను. అతనికిష్టమని ఎండుచేపల పులుసు కూడా పెడతాను."

"ఇష్టమని ఎవరు చెప్పినారు?"

"మా అత్త. గుండు తగిలిందన్నదీ ఆవిడే."

"మరి ఈ ఆకు తీసేయనా?"

"ఉండు. ఆ చిట్టాలో గుండు తగిలినోడు ఎవుడూ నేడా?"

"తాత పేరు కిందే ఉన్నాడు. సిమ్మన్న. ఊరు రాయనేదు."

"అతనికి పెట్టేవోళ్ళు ఉంటారంటావా?"

"ఏమో మామ్మా."

"అయితే ఇది అతని ఆకు. ఆ ఫోను పక్కనెట్టి, కాకుల్ని పిలు."