ఉడత వెంట్రుకల బ్రష్

హలో… ఆ, నేనే, మావయ్యని. … లేదే కోడలా, ఇవాళ వేళాకోళం కాదు. … మొండి నొప్పులకి వైద్యం చేసే మీ వార్డులో డ్యూటీలోనే ఉన్నావా? మంచిదే. మీ అత్తయ్య గది గడియ పెట్టుకుంది. గంటయింది. పిలిస్తే పలకట్లేదు.

… ఏం చేశానంటే… తిట్టనని ముందు ఒట్టెయ్యి.

… నా నిచ్చెన జారి ఆవిడ పాదం మీద పడింది కదా, మూడు నెలల కింద. కుట్లు తీశారు. పుండు మానింది. ఎక్స్‌రేలో ఏం లేదన్నారు. అయినా దుప్పటి తగిలితే చాలు, కెవ్వుమంటోంది. నేను ఊరుకుంటానా? నాటకాలరాణి అని పేరు పెట్టా. ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆవిడలా కుంటి చూపించా. … అందరూ నవ్వారే. ఆవిడా నవ్వింది… అనుకున్నా.

ఇందాక హాల్లో మంచం మీద కునుకు తీస్తోంది. ఇవాళ దొంగ దొరికింది అనుకున్నా. బోర్డులు రాసే బ్రష్ లేదూ నాది, ఉడత వెంట్రుకలది, దూదిలా ఉంటుంది చూడు… అది పాదం మీద… ఒక్క గీత.

… ఊఁ.

… ఆ అరుపు… కోడలా, నిద్రలో ఎవరైనా నటిస్తారా?

… నా చేతిలో బ్రష్ చూసింది. తిట్టినా బాగుండేది. పాక్కుంటూ గదిలోకెళ్ళింది. 'పొద్దున్నే వెళ్ళి ఈ కాలు తీయించేసుకుంటా' అంది. అంతే, గడియ పెట్టేసుకుంది.

… తీసేస్తే పోతుందా మరి? … పోకపోవచ్చా? … లేని కాలు నొప్పెట్టడమేంటే! … నవ్వట్లేదు.

… ఉండు, మెల్లగా చెప్పు. ఆరో క్లాసు మూడుసార్లు చదివిన బుర్ర. … దెబ్బ తగిలితే ఒంట్లో కాపలావాళ్ళు పరిగెత్తుకొస్తారు… ఈలలేస్తారు… వాపొస్తుంది. ఊఁ. … పుండు మానాక పోవాలి కదా వాళ్ళు? … పోలేదా! దొంగ పోయినా నరం పక్కన కూర్చుని ఈలలేస్తున్నారా? … విని విని నరం బెదిరిపోయి, వెంట్రుక తగిలినా కత్తి దిగిందని కేకేస్తోందా!

… మరి ఎక్స్‌రేలో— … అవున్లే. ఈల ఫోటోలో ఎలా పడుతుంది?

… మందుందా? … ఒక్కొక్కరికి ఒక్కోలా… నెలలు పట్టొచ్చు… పూర్తిగా పోతుందని మాటివ్వలేవా? … ఇవ్వలేవు. … ఊఁ.

… ఇదంతా నేను చెప్పాలా? నమ్ముతుందా! ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క నిజం చెప్పిన మొహమా ఇది? పోయినేడు ఈ తలుపు కింద నుంచే రబ్బరు పాము తోశా—

లోపల ఏదో పడింది! ఏమే! ఏమేవ్! … పలకట్లేదే. కోడలా, భయమేస్తోందే నాకు.

… స్పీకరు పెట్టి తలుపు కింద నుంచి తోస్తా. ఈలల సంగతి, మందు సంగతి, కాలు తీయించుకుంటే ఏమవుతుందో, అన్నీ నువ్వే చెప్పు. … ఆ ఒక్క మాటా… ఊఁ. అది నేనే చెబుతా.

ఏమే… ఇటు చూడు. ఫోనే. ఒట్టు, పాము కాదు. … నువ్వు నటించట్లేదే. నమ్మాను. … ఎలా చెప్పాలే నీకు… నవ్వట్లేదే నేను. ఒక్కసారి నా గొంతు విను…

… కోడలా, ఫోను కదిలింది. నేను తొయ్యలేదు… అటునుంచి లాగు—