దొర నేర్చిన మాటలు

ఇంగ్లండు పల్లెలో ఉంటున్న చిన్ననాటి స్నేహితురాలిని చూసి అక్క నిన్ననే మలేసియాలోని తమ ఊరు బాగన్ దాతుక్ తిరిగొచ్చింది. వరండాలో చెల్లెలు కొబ్బరి తురుముతూ అడుగుతోంది.

"నూకరత్నం ఇల్లు ఎలాగుందప్పా?"

"గడ్డి కప్పేనే! రాతిగోడలు, గుమ్మం సుట్టూ గులాబీలు."

"నిన్ను గుర్తుపట్టినాదా?"

"పట్టినాది. కానీ స్ట్రోక్ వచ్చిన కాణ్ణించి ఇంగ్లీసంతా మర్సిపోయినాది. ఇప్పుడు సిన్నప్పుడు మన కొబ్బరి ఎస్టేటులో మాటాడిన తెలుగే వస్తాది."

"అయ్యో! ఆ దొర మొగుడికి తెలుగు రాదు కదా?"

"నానూ అదే అనుకున్నాను. తోటలో కూకుంటే లోపల్నుంచి ఇనబడినాది, 'రత్నా, నీల్లు తాగుతావేటి?' అని. మనోలెవులో వచ్చినారనుకుని తొంగి సూసినాను. ఆయనే!"

"దొరా? 'ఏటి' అన్నాడా?"

"అచ్చం మన నాన్నలాగే."

"ఎవులు నేర్పినారు?"

"ఎవులూ నేర్పలేదు. అది ఏదో అడుగుతాది. ఆయన ఒక్కో వస్తువూ తెచ్చి సూపిస్తాడు. ఏది అందుకుంటే ఆ మాట నేర్సుకున్నాడు. ఎనభై ఏల్ల మనిసే!"

చెల్లెలు కొబ్బరి చిప్ప పక్కన పెట్టింది.

"ఒక్క మాటే తెలీలేదంట. పొద్దుగూకితే రత్నం 'ఇంటికెల్దాం' అంటాది. ఏటి తెచ్చినా వద్దంటాది. నన్నడిగితే అర్థం సెప్పినాను."

"అప్పుడేటి సేసినాడు?"

"మర్నాడు అది మల్లీ అడిగితే, కోటు తొడిగి, సెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పినాడు. తిరిగి ఆ గుమ్మం కాడికే తెచ్చి, 'ఇల్లొచ్చినాది రత్నా' అన్నాడు. అది నవ్వుకుంటూ లోపలికెల్లిపోయినాది."