నాలుగేళ్లు ఆలస్యమైన తప్పొప్పుల పట్టిక

అధ్యక్షస్థానంలోంచి ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న ప్రిన్సిపాల్ శశిభూషణ్ గారికి, ఈరోజు రిటైరవుతున్న ఫిజిక్స్ లెక్చరర్ పల్లంరాజు గారికి, వారి శ్రీమతి రామలక్ష్మి గారికి, పెద్దలకి, విద్యార్థులకి, కేవలం భోజనాల కోసం వచ్చిన మిత్రులకి కూడా నమస్కారాలు. (నవ్వులు)

తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఈయన వీడ్కోలు సభలో మైకు పట్టుకోవడం చూసి రాజుగారే ఆశ్చర్యపోతున్నారు; ఎందుకంటే ఒకే స్టాఫ్‌రూములో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటూ మేమిద్దరం నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

తొంభై ఏడులో హేల్-బాప్ తోకచుక్క సాయంత్రాలు కనిపిస్తున్నప్పుడు, అరిష్టం, శాంతి చేయించుకోండంటూ తణుకు వీధుల్లో కరపత్రాలు పంచినవాళ్ల మీద ఒళ్లు మండి, వారం రోజుల్లో ఒక చిన్న పుస్తకం రాసి అచ్చేయించాను. అందులో పన్నెండో పేజీలో, తోకచుక్క మీంచి లేచిన కణాలు తోక పొడుగునా అంత వేగంగా పరిగెత్తడానికి శక్తినిచ్చేది తోకచుక్కేనని రాశాను. ఎవర్నడిగి రాశాను? ఎవర్నీ అడగలేదు. (నవ్వులు)

రాజుగారు పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మాస్టారూ, అది తప్పండి. తోకచుక్క మీంచి లేచిన ఆవిరి మెల్లగానే బయల్దేరుతుంది. ఎండ దాన్లోంచి ఒక ఎలక్ట్రాన్ని ఊడగొడితే అది విద్యుదావేశం ఉన్న కణమవుతుంది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల గాలి, అదే సౌరపవనం, అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది కదా, అది దీన్ని పట్టి లాక్కుపోతుంది. రావులపాలెం సెంటర్లో నించున్నవాడు వెళ్లే బస్సు కడ్డీ పట్టుకుంటే, ఆ వేగం వాడిదా, బస్సుదా?" గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే చంద్రుడి దగ్గరా ఇదే తంతట, అక్కడ బస్సు, గురుగ్రహంతోపాటు గిర్రున తిరిగే దాని అయస్కాంత క్షేత్రం.

"తప్పొప్పుల పట్టిక వేయించండి," అన్నారు.

"కరపత్రాల వాళ్లు నవ్వుతారండి," అన్నాను.

"వాళ్లు తప్పు ఒప్పుకోరనే కదండీ మీ కోపం?"

ఆయన మొహమ్మీదే తలుపేసుకున్నాను; మా మాటలు ఆగింది ఆరోజే. "తోకచుక్క ఎవరికీ కీడు చెయ్యదని రాశారు, మీ ఇద్దర్నీ విడదీసింది కదండీ!" అని రామలక్ష్మి గారు బజార్లో దెప్పితే, తల దించుకుని వంకాయలు ఏరుకున్నాను. (నవ్వులు)

ఈ నాలుగేళ్లలో రాజుగారు నా తప్పుని ఒక్కరి దగ్గరా ఎత్తలేదు. నేనైతే మైకు పెట్టి చెప్పేవాణ్ణి. రేపట్నుంచి ఎదుటి బల్ల ఖాళీ. అలిగి కూర్చోడానికైనా ఎదురుగా మనిషుండాలి కదండీ.

అందుకని అచ్చేయించి తెచ్చాను. మీ చేతుల్లో ఉన్న పసుపు కాగితం అదే. పన్నెండో పేజీ. తప్పు: తోకచుక్క ఇచ్చే శక్తి. ఒప్పు: సౌరపవనం ఇచ్చే శక్తి, ఎన్ని కణాలకిచ్చినా ఆ పవనానికి తరుగు లేదు.

ఏంటండీ రాజుగారూ, చెయ్యెత్తారు?

(రాజుగారు లేచి: "తరుగుందండి. జనం ఎక్కేకొద్దీ బస్సు నెమ్మదించదూ?")

(పెద్దగా నవ్వులు) విన్నారుగా! నాలుగేళ్ల తర్వాత ఈయన నాతో ఆడిన మొదటి మాట, అదీ తప్పు పట్టడం. రెండో పట్టిక రేపు పొద్దున్నే మీ ఇంటికి తెస్తానండి, మీరు దిద్దాకే అచ్చుకిస్తాను. రామలక్ష్మి గారూ, మా వాదన తెమిలేసరికి మధ్యాహ్నం అవుతుంది, నాకూ ఓ విస్తరి వెయ్యండి. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.